అమెరికా కాలేజీ టీంలో ఆడబోయే పిల్లలు ఎన్‌సీఏఏ రూల్స్‌లో ఇరుక్కోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి

అమెరికన్ యూనివర్సిటీ కోచ్ నుంచి పిల్లాడికో పిల్లకో ఈమెయిల్ వచ్చింది, ఇంట్లో సందడి, బంధువులకి ఫోన్లు కూడా అయిపోయాయి. బాగానే ఉంది. కానీ కోచ్‌కి నచ్చడం వేరు, అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వాళ్ళు "ఆడొచ్చు" అని తేల్చడం వేరు. ఈ దారి మనవాళ్ళకి కొత్తేం కాదు, సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు, నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌కి ఆడి 2024 చివర్లో ప్రో అయ్యాడు. అయినా డాలస్‌లో, న్యూజెర్సీలో వీకెండ్ అంతా టెన్నిస్ కోర్టు పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చునే పేరెంట్స్‌లో చాలామందికి ర్యాంకింగులు నోటికొచ్చు గానీ రూల్స్ తెలీవు, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో డైరెక్ట్‌గా పంపేవాళ్ళకైతే చెప్పేవాళ్ళే ఉండరు. అందుకే ఇది.

ముందు మీరు ఎవరి రూల్స్ కింద ఉన్నారో తేల్చుకోండి. ఎన్‌సీఏఏలో మూడు డివిజన్లు ఉంటాయి. డివిజన్ వన్‌లో రూల్స్ ఎక్కువ, డివిజన్ త్రీలో అసలు ఆట కోసం స్కాలర్‌షిప్పే ఇవ్వరు. ఐవీ లీగ్ డివిజన్ వన్‌లోనే ఉంటుంది కానీ వాళ్ళూ ఆట స్కాలర్‌షిప్ ఇవ్వరు, కాబట్టి "హార్వర్డ్‌లో టెన్నిస్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం" అని ఎవడైనా అంటే ఆ సంభాషణ అక్కడితో ఆపెయ్యొచ్చు. ఎన్‌సీఏఏ పైన కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీలు కలిసి ఆడే లీగ్) రూల్స్, ఆ పైన యూనివర్సిటీ సొంత రూల్స్ ఉంటాయి, 2025 నుంచి డబ్బు లెక్కలు చూడ్డానికి కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్ అని ఇంకొకటి వచ్చింది. వీటన్నిటికీ యూనివర్సిటీలో మీకు దొరికే గుమ్మం ఒక్కటే, రూల్స్ సంగతి చూసే కంప్లయన్స్ ఆఫీస్. అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో స్టాఫ్ డైరెక్టరీ తెరిస్తే వాళ్ళ పేర్లు, ఈమెయిల్స్ ఉంటాయి, ఇవాళే సేవ్ చేసుకోండి. మన జనం కంప్లయన్స్ అనగానే పోలీస్ స్టేషన్ లాగా దూరంగా ఉంటారు, అది తప్పు. వాళ్ళ ఉద్యోగమే మీ పిల్లాడు ఆటకి దూరం కాకుండా చూడ్డం. ఏ డౌట్ వచ్చినా పని చెయ్యకముందే అడగండి, అదీ ఫోన్లో కాదు, ఈమెయిల్‌లో అడిగి జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి. కోచ్ "ఏం పర్లేదు" అన్నాడు అనేది జవాబు కాదు, కోచ్‌కి గెలవాలని ఉంటుంది.

తర్వాత చదువు. దీన్ని తొమ్మిదో క్లాసులోనే మొదలుపెట్టాలి, పన్నెండులో గుర్తొస్తే చాలా లేటు. డివిజన్ వన్‌కి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు కావాలి, ఇంగ్లీష్ నాలుగేళ్ళు, మ్యాథ్స్ మూడేళ్ళు, సైన్స్ రెండేళ్ళు ఇలా లెక్క ఉంది, కోర్ జీపీఏ 2.3 ఉండాలి, డివిజన్ టూకి 2.2. మనపిల్లలకి జీపీఏ దగ్గర పెద్దగా ఇబ్బంది రాదు, ఇబ్బంది వచ్చేది 16లో 10 కోర్సులు సీనియర్ ఇయర్ (పన్నెండో క్లాసు) మొదలయ్యేలోపే అయిపోవాలి అనే చోట. ఆ పదిలో ఏడు ఇంగ్లీష్, మ్యాథ్స్, సైన్స్‌లోవే ఉండాలి. టోర్నమెంట్ల కోసం ఆన్‌లైన్ స్కూల్‌కి మారిన పిల్లలు ఇక్కడ దొరికిపోతారు, ఎందుకంటే ప్రతి ఆన్‌లైన్ కోర్సునీ ఎన్‌సీఏఏ ఒప్పుకోదు, ఆ స్కూల్ కోడ్ కొట్టి అప్రూవ్డ్ లిస్టులో ఆ కోర్సు ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి. ఎస్ఏటీ, ఏసీటీ ఎలిజిబిలిటీ కోసం అక్కర్లేదని 2023లో తీసేశారు, అడ్మిషన్ కోసం యూనివర్సిటీ అడిగితే అది వేరే సంగతి.

ఇండియాలో చదివినవాళ్ళు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా మార్కుల మెమోలు, బోర్డు సర్టిఫికెట్లు రెడీ పెట్టుకోండి. ఇక్కడ మన స్పెషల్ తలనొప్పి ఒకటుంది, పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) ఐడీలో ఇనీషియల్ మాత్రమే, స్కూల్ టీసీలో స్పెల్లింగ్ ఇంకోలా. నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లుంటే ఎన్‌సీఏఏలో అర్హత తేల్చే ఎలిజిబిలిటీ సెంటర్ వాళ్ళు నలుగురు పిల్లలనుకున్నా అనుకుంటారు. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే ఆ సెంటర్‌లో అకౌంట్ తెరిచి, మిగతావి ముందే సరిచేయించుకోండి. పుట్టినతేదీ గురించి కూడా ఓ మాట, అండర్-14, అండర్-16 కోసం ఒక ఏడాది తగ్గించి రాయించే అలవాటు మన దగ్గర ఉందని అందరికీ తెలుసు, అది ఇక్కడ దాగదు.

ఇంకోటి, ఇంటర్ అయ్యాక "ఒక ఏడాది ఫుల్‌టైమ్ ఆడి ర్యాంకింగ్ పెంచుకుని వెళ్దాం" అనుకుంటారు చాలామంది. హైస్కూల్ టైముకి అయిపోవాల్సిన తేదీ నుంచి కాలేజీలో ఆడే అర్హతకి క్లాక్ తిరుగుతుంది. చాలా ఆటల్లో కాలేజీలో చేరడానికి ఏడాది గ్రేస్ ఇస్తూ వచ్చారు, టెన్నిస్‌లో మాత్రం ఆరు నెలలే. అది దాటి టోర్నమెంట్లు ఆడితే సీజన్లు కోల్పోవచ్చు. ఈ రూల్స్ తరచూ మారుతున్నాయి కాబట్టి గ్యాప్ తీసుకునే ముందు పిల్లాడు చేరబోయే సంవత్సరానికి ఏది వర్తిస్తుందో కంప్లయన్స్‌కి మెయిల్ పెట్టండి.

కన్సల్టెన్సీల సంగతి. అమీర్‌పేటలో ఎంఎస్ కన్సల్టెన్సీలు ఎలాగో, స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పులు ఇప్పిస్తామనే వాళ్ళూ అలాగే ఉన్నారు. పిల్లాడి వీడియోలు, వివరాలు కోచ్‌లకి పంపిపెట్టినందుకు ఒక ఫిక్స్‌డ్ ఫీజు ఇవ్వడం తప్పు కాదు. కానీ "స్కాలర్‌షిప్ వస్తే అందులో పది శాతం మాది" అని రాయించుకుంటే అది రూల్ తప్పడమే, ఎందుకంటే ఆ ఫీజు సీటు, స్కాలర్‌షిప్ మీద ఆధారపడింది. అగ్రిమెంట్ కాగితంలో ఆ లైన్ ఉందేమో చూడండి, ఉంటే కొట్టేయించండి, కొట్టెయ్యను అంటే లేచి వచ్చెయ్యండి. వాళ్ళు ఎలిజిబిలిటీ సెంటర్ లాగిన్ కూడా వాళ్ళ దగ్గరే పెట్టుకుంటామంటారు, అస్సలు ఇవ్వొద్దు, అందులో వాళ్ళు రాసే ప్రతి అబద్ధానికీ సంతకం మీ పిల్లాడిది.

ఆ అకౌంట్‌లో ఒక ప్రశ్నల జాబితా ఉంటుంది, ఏ టీములకి ఆడావు, ఎవరు డబ్బిచ్చారు, ప్రైజ్ మనీ ఎంత, ఏజెంట్ ఉన్నాడా అని. అన్నీ రాయండి. రాకెట్ కంపెనీ ఫ్రీగా ఇచ్చిన కిట్టు, ఖేలో ఇండియా నెలవారీ డబ్బు, క్లబ్ ఇచ్చిన టీఏ డీఏ, లోకల్ టోర్నమెంట్‌లో ఎమ్మెల్యే గారి చేతుల మీద తీసుకున్న చెక్కు, అన్నీ. వీటిలో చాలావరకు తప్పు కాదు, రాయకపోవడమే తప్పవుతుంది. టెన్నిస్‌లో కాలేజీకి ముందు ఏడాదికి 10,000 డాలర్ల దాకా ప్రైజ్ మనీ తీసుకోవచ్చు, అది దాటితే ఆ టోర్నమెంట్ ఖర్చుల మేరకే అనేది చాలాకాలం నడిచిన లెక్క. దాని మీద నార్త్ కరోలినా ప్లేయర్ రీస్ బ్రాంట్‌మైర్ 2024లో కోర్టుకెళ్ళింది, అందుకే పాత యూట్యూబ్ వీడియోలో విన్న నంబర్ పట్టుకుని చెక్కు తీసుకోకండి, ఆ ఏడాది రూల్ చూసుకోండి. ఖర్చుల రసీదులన్నీ మాత్రం దాచండి, ఫ్లైట్, హోటల్, ఎంట్రీ ఫీజు, కోచ్ ఫీజు, స్ట్రింగింగ్ బిల్లు కూడా.

ఇప్పుడు అసలు చిక్కుముడి, డబ్బు ఇంకా వీసా. దీని మీద కాస్త ఎక్కువ రాస్తా, మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

2021 జులై 1 నుంచి కాలేజీ ప్లేయర్లు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు, దీన్నే ఎన్ఐఎల్ అంటారు. 2025 జూన్‌లో ప్లేయర్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌ని జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించాక యూనివర్సిటీలే ప్లేయర్లకి నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో స్కూల్‌కి దాదాపు 2.05 కోట్ల డాలర్ల దాకా. అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వాళ్ళకే పోతుంది, టెన్నిస్, గోల్ఫ్, స్విమ్మింగ్ పిల్లలు ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. బయటి వ్యాపారుల దగ్గర తీసుకునే డీల్ 600 డాలర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే డివిజన్ వన్ ప్లేయర్ దాన్ని ఎన్ఐఎల్ గో అనే సిస్టంలో అయిదు పనిదినాల్లో ఎంటర్ చెయ్యాలి. ఒకే వ్యాపారి 300 చొప్పున మూడుసార్లు ఇచ్చినా కలిపి లెక్కేస్తారు. అంటే మీ ఊళ్ళో బిర్యానీ రెస్టారెంట్ ఓనర్ గారు ఇన్‌స్టాలో మూడు రీల్స్ చెయ్యమ్మా అని డబ్బిస్తే అది కూడా ఎక్కించాల్సిందే. నిజంగా ప్రచారం చేసినందుకే ఇస్తున్నారా, ఆ పనికి ఆ రేటు సబబేనా అని చూస్తారు.

ఇదంతా సిటిజన్, గ్రీన్ కార్డ్ పిల్లలకి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి సీన్ వేరు, బయట పని చెయ్యడానికి పర్మిషన్ లేకుండా డబ్బు తీసుకుంటే ఎన్‌సీఏఏ ఏమీ అనకపోయినా వీసా స్టేటస్ పోతుంది. ఇక మనవాళ్ళు మర్చిపోయేది హెచ్-4. నాన్న హెచ్-1బీ మీద వచ్చి గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నాడు, పిల్ల రెండేళ్ళప్పుడు వచ్చింది, యాస అంతా టెక్సస్ యాసే, టీంలో అందరితో సమానంగా తిరుగుతుంది, కానీ ఆ పిల్లకి పని చేసే హక్కు లేదు. హెచ్-4 మీద ఈఏడీ (పని చేసుకునే పర్మిట్) వచ్చేది కొందరు భార్యాభర్తలకే, పిల్లలకి రాదు. పక్క లాకర్ అమ్మాయి షూ కంపెనీ రీల్ చేసి 800 డాలర్లు తీసుకుంది కదా అని మనమ్మాయి కూడా చేస్తే రూల్ బుక్ ప్రకారం ఇద్దరూ ఒకటే, ఇమిగ్రేషన్ దగ్గర కాదు. పైగా 21 నిండితే హెచ్-4 ఉండదు, మధ్యలో ఎఫ్-1కి మారాలి, ఆ అప్లికేషన్ టైంలో ఇలాంటివి బయటికొస్తే ఎంత తలనొప్పో ఊహించుకోండి.

మరి దారి లేదా అంటే కొంత ఉంది. కెంటకీకి ఆడిన కాంగో దేశపు బాస్కెట్‌బాల్ ప్లేయర్ ఆస్కార్ షీబ్వే 2022లో టీం బహామాస్ వెళ్ళినప్పుడు అక్కడ ఎన్ఐఎల్ పని చేసి సంపాదించుకున్నాడు, ఎందుకంటే పని జరిగింది అమెరికా బయట. అలాగే సెలవులకి ఇండియా వచ్చినప్పుడు షూట్ ఇక్కడే చేసుకోవచ్చా అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిందే, కానీ ఇమిగ్రేషన్ లాయర్‌ని. కంప్లయన్స్ ఆఫీసర్ ఎన్‌సీఏఏ సంగతి చెప్పగలడు గానీ వీసాకి ఆయన మాట పనికిరాదు, ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ (వీసా విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) స్టేటస్ సంగతి చెప్తారు, లాయర్ రిస్క్ చెప్తాడు, ముగ్గురి దగ్గరా రాతపూర్వకంగా ఉండాలి. ఇక్కడ షూట్ చేసి అక్కడికెళ్ళి పోస్ట్ చేస్తే అది కూడా పనే అనే వాదన ఉంది, అందుకే ఆ ప్రశ్న కూడా విడిగా అడగండి. ఆట స్కాలర్‌షిప్‌కి మాత్రం ఈ భయం లేదు, అది ఉద్యోగం కాదు. ట్యూషన్ మీద పన్ను ఉండదు, రూము, తిండికి ఇచ్చిన భాగం మీద ఎఫ్-1 వాళ్ళకి 14 శాతం పట్టుకుంటారు, ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు ఇండియా ఒప్పందం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ వాడుకోవడం మర్చిపోకండి.

కానుకల విషయంలో మన మొహమాటాలు పక్కన పెట్టాలి. మీ తెలుగు అసోసియేషన్‌లో ఒక అంకుల్ ఆ యూనివర్సిటీ అథ్లెటిక్స్‌కి డొనేషన్ ఇచ్చి ఉంటే ఎన్‌సీఏఏ దృష్టిలో ఆయన బూస్టర్, ఒకసారి అయితే ఎప్పటికీ బూస్టరే. ఆయన పిల్లాడికి బేస్‌మెంట్ ఫ్రీగా ఇచ్చినా, కారు వాడుకో అన్నా అది మీకు ఆప్యాయత, వాళ్ళకి ఉల్లంఘన. పిల్లాడికి ఆటలో పేరు రాకముందు నుంచీ మీ రెండు కుటుంబాలకి రాకపోకలున్నాయని చూపించగలిగితే మినహాయింపు ఉంటుంది, దానికి పాత ఫొటోలు, బారసాల వీడియో కూడా సాక్ష్యమే, నవ్వకండి. తిండి విషయంలో మాత్రం ఇప్పుడు హాయి. ఒకప్పుడు ప్లేయర్‌కి బేగెల్ పెట్టొచ్చు కానీ దాని మీద క్రీమ్ చీజ్ రాస్తే తప్పు అనే స్థాయిలో ఉండేవి రూల్స్, 2014లో యూనివర్సిటీ ఎంతైనా పెట్టొచ్చని మార్చారు.

బెట్టింగ్ గురించి పిల్లలతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ ఉన్న ఏ ఆట మీదా, కాలేజీ అయినా ప్రొఫెషనల్ అయినా, ప్లేయర్ పందెం కాయకూడదు. ప్రొఫెషనల్ ఆటలకి సడలిద్దామని 2025 అక్టోబర్‌లో ఒప్పుకున్నారు, నవంబర్‌లో స్కూళ్ళే ఓటేసి వెనక్కి తిప్పేశాయి, కాబట్టి "రూల్ మారిందట కదా" అని రూమ్మేట్ చెప్పేది సగం వార్త. క్రికెట్‌కి ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ లేదు కాబట్టి ఐపీఎల్ ఆ రూల్ కిందకి రాదు కదా అని తెలివిగా అడిగే పిల్లలుంటారు. అదే యాప్‌లో పక్క ట్యాబ్ ఎన్‌బీఏది, ఒక్క క్లిక్కు చాలు. వాళ్ళ కాన్ఫరెన్స్, స్కూల్ రూల్ ఇంకా గట్టిగా ఉండొచ్చు, ఇండియాలో అయితే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములే 2025 చట్టంతో బంద్. అమ్మ పేరు మీద అకౌంట్ తెరిచి ఆడితే ఎవరికి తెలుస్తుంది అనుకోవద్దు, 2023లో అయోవా, అయోవా స్టేట్ ప్లేయర్లు దొరికింది అలాంటి అకౌంట్లతోనే. క్రిమినల్ కేసులు కొన్ని తర్వాత కొట్టేశారు, పోయిన ఆట మాత్రం తిరిగి రాలేదు. పందెం కాయకపోయినా "మా నంబర్ వన్‌కి చీలమండ బాలేదు, రేపు ఆడట్లేదు" అని బెట్టింగ్ ఆడే ఫ్రెండ్‌కి చెప్పడం కూడా రూల్ తప్పడమే.

సప్లిమెంట్లు. ఎన్‌సీఏఏ ఏ సప్లిమెంట్‌నీ సర్టిఫై చెయ్యదు, టెస్ట్‌లో దొరికితే డబ్బా మీద అలా రాయలేదండీ అనే మాట చెల్లదు. పర్ఫార్మెన్స్ డ్రగ్ మొదటిసారి దొరికితేనే ఒక పూర్తి ఏడాది పోతుంది. అమ్మమ్మ సూట్‌కేస్‌లో పెట్టి పంపిన ఆయుర్వేద చూర్ణం, జిమ్ అన్నయ్య ఇచ్చిన ప్రీ-వర్కౌట్ పౌడర్, రెండూ ఒకే గాటన కట్టి టీం అథ్లెటిక్ ట్రైనర్‌కి చూపించాకే నోట్లో పెట్టాలి. ఆస్తమా, ఏడీహెచ్‌డీ మందులు వాడేవాళ్ళు డాక్టర్ కాగితాలు ముందే ఇచ్చి ఉంచండి.

చేరాక క్రెడిట్లు. ప్రాక్టీస్‌కైనా మ్యాచ్‌కైనా 12 క్రెడిట్లు ఉండాలి, ఎఫ్-1కి కూడా అదే 12, అందులో ఆన్‌లైన్ క్లాస్ ఒక్కటే లెక్కకొస్తుంది. కష్టంగా ఉందని ఒక కోర్సు డ్రాప్ చేస్తే ఒక్క క్లిక్కుతో ఆటా వీసా రెండూ పోవచ్చు. ఇంకా మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగుకి 60, అయిదుకి 80 శాతం పూర్తయి ఉండాలి, ఏ డిగ్రీ డిక్లేర్ చేశారో ఆ డిగ్రీలో. మూడో ఏడాదిలో నాన్న ఫోన్ చేసి "బయాలజీతో ఏం వస్తుంది, కంప్యూటర్ సైన్స్‌కి మారు" అంటారు చూడండి, అప్పుడు పాత కోర్సులు కొత్త డిగ్రీలో లెక్కకి రాక పిల్లాడు 60 శాతం దగ్గర ఆగిపోతాడు. మేజర్ మార్చే ముందు అకడమిక్ అడ్వైజర్‌తో ఆ లెక్క వేయించండి. సీజన్లో ప్రాక్టీస్ వారానికి 20 గంటలు, రోజుకి నాలుగు గంటలు, వారంలో ఒక రోజు సెలవు అని పిల్లల కోసం పెట్టిన రూల్ కూడా ఉంది. అది కోచ్ దాటుతుంటే ఎవరికి చెప్పాలి అంటే, మళ్ళీ కంప్లయన్స్‌కే.

ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకుంటే ఎన్‌సీఏఏ ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (స్కూల్ మారాలనుకునే ప్లేయర్ల జాబితా) పేరు పడకముందు వేరే స్కూల్ కోచ్‌తో నేరుగా గానీ, సీనియర్ ద్వారా వాట్సాప్‌లో గానీ మాట్లాడొద్దు. ప్రతి ఆటకీ విండో తేదీలు వేరు. వీసా పిల్లలకి సెవిస్ (ప్రభుత్వం దగ్గరుండే వీసా విద్యార్థుల రికార్డు) ట్రాన్స్‌ఫర్ విడిగా చేయించుకోవాలి, పోర్టల్ దానంతట అది చెయ్యదు.

ఇంత చేసినా ఏదో ఒకటి జరుగుతుంది అనుకోండి. కంప్లయన్స్ ఆఫీస్ నుంచి "ఒకసారి రా" అని మెసేజ్ వస్తే పిల్లాడు మొదట చేసే పని చాట్లు డిలీట్ చెయ్యడం. అదే చెయ్యకూడదు. మిషిగన్ వాళ్ళు ఎదుటి టీంల ఫుట్‌బాల్ సిగ్నల్స్ దొంగిలించిన కేసులో వాళ్ళ స్టాఫ్ కానర్ స్టాలియన్స్ తన ఫోన్ తీసుకెళ్ళి చెరువులో పడేశాడు, 2025 ఆగస్టులో ఎనిమిదేళ్ళ షో-కాజ్ (ఏ కాలేజీ అయినా అతన్ని పనిలో పెట్టుకోవాలంటే ఎన్‌సీఏఏకి కారణం చూపాల్సిన శిక్ష) పడింది, ఆ ఫోన్ సంగతి కూడా తీర్పులోకెక్కింది. ఓక్లహోమా స్టేట్ ఆటగాడు డెజ్ బ్రయంట్‌ది ఇంకా బాధాకరం. 2009లో మాజీ ప్లేయర్ డియాన్ శాండర్స్‌ని కలిశాడు, కలవడం తప్పే కాదు, కానీ తప్పేమో అని భయపడి అడిగినవాళ్ళకి అబద్ధం చెప్పాడు, ఆ అబద్ధానికే మిగతా సీజన్ మొత్తం పోయింది. మన పిల్లల్ని పెద్దవాళ్ళ ముందు "నాకు తెలీదు" అని తప్పించుకోవడం అలవాటు చేసి పెంచుతాం, ఈ ఒక్క చోట అది కొంప ముంచుతుంది.

మరి ఏం చెయ్యాలంటే, వెళ్ళేలోపు ఏం జరిగిందో తేదీలతో ఒక పేజీ రాసుకోమనండి, మెసేజ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ స్క్రీన్‌షాట్లు పక్కన పెట్టుకోమనండి. చిన్నవైతే, అంటే లెవెల్ త్రీ అంటారు, యూనివర్సిటీనే రిపోర్ట్ చేసేస్తుంది, తీసుకున్న దాని విలువ ఏదైనా ఛారిటీకి కట్టి ఒకటి రెండు మ్యాచ్‌లు కూర్చుని బయటపడిన పిల్లలు బోలెడుమంది. లెవెల్ వన్, టూ అయితే ఎన్‌సీఏఏ ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్ళే వస్తారు, ఇంటర్వ్యూ రికార్డ్ చేస్తారు, సొంత లాయర్‌ని పక్కన కూర్చోబెట్టుకునే హక్కు ఉంటుంది, వాడుకోండి. యూనివర్సిటీ లాయర్ యూనివర్సిటీ వైపు, ఆయన ఎంత మర్యాదగా మాట్లాడినా సరే. ఆరోపణల నోటీసు వస్తే జవాబుకి 90 రోజులు ఇస్తారు, ఆ తర్వాత కమిటీ ఆన్ ఇన్‌ఫ్రాక్షన్స్ తేలుస్తుంది, మొత్తం నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. మళ్ళీ ఆడనివ్వమని అడగాల్సింది పిల్లాడు కాదు, అతని తరఫున యూనివర్సిటీ రీఇన్‌స్టేట్‌మెంట్ అప్లై చెయ్యాలి, కాబట్టి రెండు వారాలకోసారి అది ఎంతవరకు వచ్చిందో మర్యాదగా ఒక మెయిల్ పెడుతూ ఉండండి. ఈలోపు సస్పెన్షన్‌లో ఉన్న పిల్లాడు మనసు బాలేదని క్లాసులు మానేస్తాడు, అదీ చూసుకోండి, ఎఫ్-1కి మ్యాచ్ ఆడినా ఆడకపోయినా ఆ సెమిస్టర్ 12 క్రెడిట్లు నడుస్తూనే ఉండాలి.